మా కోడ్‌ను మరో ఏజెన్సీకి అప్పగించడం: మే నుంచి జనవరి దాకా నా అనుభవం

అమెరికాలో ఒక ఫెడరల్ ఏజెన్సీకి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే కాంట్రాక్టు సంస్థలో నేను డెవలపర్‌గా పనిచేస్తున్నాను. మా బృందం రాసిన కోడ్‌లో ఒక భాగాన్ని మరో ఫెడరల్ ఏజెన్సీకి అప్పగించే పని 2025 మే నెలలో మొదలై 2026 జనవరిలో ఒక కొలిక్కి వచ్చింది. మేరీలాండ్, వర్జీనియా ప్రాంతాల్లో ఇలాంటి కాంట్రాక్టుల మీద పనిచేసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వారిలో ఎందరికో ఈ పని నేడో రేపో ఎదురవుతుంది కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కోడ్‌ను రిపాజిటరీలోకి, అంటే కోడ్‌ను దాచి పంచుకునే నిల్వలోకి, ఎక్కించడానికి మాకు పట్టింది ఒక మధ్యాహ్నం. మిగతా నెలలన్నీ ఆ కోడ్ ఎవరిది, దాన్ని ఎవరు చూడవచ్చు, దాని గురించి ప్రశ్న వస్తే జవాబు చెప్పే మనిషి జీతం ఎవరు భరించాలి అన్న వాటికే పోయాయి.

మేము అప్పగించినది గ్రాంటు దరఖాస్తులను తనిఖీ చేసే భాగం. విశ్వవిద్యాలయాలు, నగరపాలక సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఎస్ఎఫ్-424 ఫారాల మీద దరఖాస్తు పంపినప్పుడు, సంస్థ గుర్తింపు సంఖ్య సరైన రూపంలో ఉందా, బడ్జెట్ పట్టికలో కూడికలు కుదిరాయా, అద్దె, కరెంటు లాంటి పరోక్ష ఖర్చుల శాతం నిబంధన దాటిందా అని అది చూస్తుంది. గ్రాంట్లు ఇచ్చే ప్రతి ఏజెన్సీకీ ఈ తనిఖీ కావలసిందే. 2024 అక్టోబరు 1 నుంచి, ప్రభుత్వంతో విడిగా కుదుర్చుకున్న రేటు లేని సంస్థలు వేసుకోదగిన పరోక్ష ఖర్చుల పరిమితి 10 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది. ఆ ఒక్క అంకె కోసం మేము కోడ్ మార్చి, పరీక్షించి, అనుమతుల కోసం ఎదురుచూస్తున్న వారాల్లోనే మరికొన్ని ఏజెన్సీల్లో మాలాంటి బృందాలు అదే అంకె కోసం అదే పని చేస్తూ ఉండి ఉంటాయి. ప్రతిచోటా కట్టేది పన్ను చెల్లించేవాళ్లే. ఆ ఆలోచన నన్ను అప్పటినుంచీ వదల్లేదు. అందుకే కోడ్ పంచుకోవాలని చెప్పే చట్టం వచ్చిందని తెలిసినప్పుడు నిజంగా సంతోషించాను.

ఆ చట్టం పేరు షేర్ ఐటీ చట్టం. 2024 డిసెంబరు 23న అధ్యక్షుడు బైడెన్ దాని మీద సంతకం చేశారు. ప్రభుత్వ సొమ్ముతో ప్రత్యేకంగా రాయించుకున్న కోడ్‌ను డాక్యుమెంట్లు, డేటా మోడళ్లు, కన్ఫిగరేషన్ స్క్రిప్టులతో సహా ఏజెన్సీ తన సొంత ఆస్తిగా రిపాజిటరీలో ఉంచి, మిగతా ఏజెన్సీల ఫెడరల్ ఉద్యోగులకు అందేలా చూడాలని అది చెబుతుంది. 2016లోనే ఇలాంటి విధానం ఒకటి వచ్చింది కానీ అది విధానం, ఇది చట్టం. ఆ తేడా ఎంతటిదో మా ఆఫీసులో పనులు కదిలిన తీరు చూశాక నాకు అర్థమైంది.

అయితే 2025 మొదటి నెలల్లో మాలో ఎవరికీ చట్టం మీద ధ్యాస లేదు. ఫెడరల్ కాంట్రాక్టులు వరుసగా రద్దవుతున్న రోజులవి. ఎన్నో ఏజెన్సీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి, రాసిన కోడ్‌ను బహిరంగంగా పెట్టడంలో అందరికీ దారి చూపిన 18ఎఫ్ బృందాన్ని మార్చి 1న రద్దుచేశారన్న వార్త విన్న రోజున మా బృందంలో పని సాగలేదు. ఇంటి వాయిదా, పాప డేకేర్ రుసుము, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది లెక్కవేసుకుంటూ, ఉద్యోగం పోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలమా అని రాత్రిళ్లు ఆలోచించేదాన్ని. దానికి తోడు ఇంకొక భయం. కోడ్ మొత్తం అందరికీ ఇచ్చేస్తే మా సంస్థకు ఇక పనేం మిగులుతుందని మా మేనేజరే ఒక సమావేశంలో అడిగారు. ఆ ప్రశ్న అన్యాయమైనదేమీ కాదు. ఇన్నాళ్ల అనుభవం తర్వాత నా అభిప్రాయం మాత్రం వేరు. దానికి కారణం ముందు ముందు వస్తుంది.

మే రెండో వారంలో మా సీఓఆర్, అంటే మా కాంట్రాక్టు పనిని ప్రభుత్వం తరఫున రోజువారీగా చూసుకునే అధికారి, ఒక ఎక్సెల్ ఫైలు పంపారు. మా దగ్గరున్న రిపాజిటరీలన్నిటినీ అందులో నింపాలి. ప్రతి వరుసలో ఇది ప్రత్యేకంగా రాయించిన కోడా, ఏ కాంట్రాక్టు కింద రాశారు, దాని నంబరేమిటి, కోడ్ ఎక్కడుంది అన్న గడులున్నాయి. కొనుక్కొచ్చిన సాఫ్ట్‌వేర్‌ను, కొత్త లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) ఎలా ఉంటుందో చూద్దామని రాసుకున్న ప్రయోగాలను చట్టం లెక్కలోకి తీసుకోదు కనుక సగం వరుసలు తేలిగ్గానే ఎగిరిపోయాయి. చిక్కు కాంట్రాక్టు నంబరు దగ్గర వచ్చింది. ఈ తనిఖీ భాగాన్ని మాకంటే ముందు వేరొక సంస్థ మొదలుపెట్టింది, అంతకుముందు కొన్ని ఫైళ్లను ఏజెన్సీ ఉద్యోగులే రాశారు. ఉద్యోగులు రాసినదానికి అమెరికాలో కాపీరైటే ఉండదు. మేము రాసినదాని మీద ప్రభుత్వానికి అపరిమిత హక్కులున్నాయని మా కాంట్రాక్టులోని ఎఫ్ఏఆర్ (ఫెడరల్ కొనుగోలు నిబంధనలు) 52.227-14 క్లాజు స్పష్టంగా చెబుతోంది. మధ్యలో ఉన్న సంస్థ రాసిన ఫైళ్ల నెత్తిన మాత్రం ఇది తమ సొంత ఆస్తి అని, అనుమతి లేకుండా బయటికి ఇవ్వరాదని నాలుగు పంక్తుల నోటీసు ఉంది.

ఆ నోటీసు మేము రోజూ చూసేదే. ఫైలు తెరవగానే కనిపిస్తుంది, కిందికి జరిపి పని చూసుకుంటాం. బయటికి పంపాల్సి వచ్చేసరికి ఆ నాలుగు పంక్తులే పని మొత్తాన్ని నిలబెట్టేశాయి. దాన్ని మేము చెరిపివేయడానికి లేదు, అది చెల్లదని మా అంతట మేము అనుకోవడానికీ లేదు. అలాంటి ముద్ర చెల్లదని ప్రభుత్వం భావిస్తే కాంట్రాక్టింగ్ ఆఫీసర్, అంటే ప్రభుత్వం తరఫున కాంట్రాక్టు మీద సంతకం చేసే అధికారి, ఆ సంస్థకు లిఖితపూర్వకంగా ప్రశ్న పంపాలి. జవాబు ఇచ్చుకోవడానికి వారికి 60 రోజుల గడువు ఉంటుంది. ఇది కూడా అదే క్లాజులో ఉంది. పాత కాంట్రాక్టు ప్రతిని వెతికి బయటికి తీయడానికే రెండు వారాలు పట్టింది, ఎందుకంటే దాన్ని చూసిన అధికారి పదవీ విరమణ చేశారు. ఉత్తరం జూన్ చివర్లో వెళ్లింది. చట్టం ఏజెన్సీలకు పెట్టిన గడువు జులైలో ముగుస్తుండగా మా ఫైళ్లు మాత్రం ఆ ఉత్తరానికి జవాబు కోసం కూర్చున్నాయి. మీ కోడ్‌లో ఇలాంటి నోటీసులున్నాయేమో ఈ రోజే వెతికి చూసుకోండి. మొదటి వారంలోనే ఆ ఉత్తరం వెళ్లి ఉంటే మాకు వేసవి అంతా కలిసివచ్చేది.

ఆ వేచివున్న రోజుల్లో డాక్యుమెంటు రాసే పని నాకు అప్పగించారు. నిజానికి ఈ మొత్తం పనిలో నాకు బాగా గుర్తుండిపోయేది ఇదే. గుర్తింపు సంఖ్యను పరీక్షించే ఫైల్లో, ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన ఒక షరతు ఉంది. ఫెడరల్ ప్రభుత్వం 2022 ఏప్రిల్ 4న పాత 9 అంకెల డన్స్ నంబరును వదిలేసి 12 అక్షరాల యూఈఐకి మారింది. అంకెలతో పొరబడకుండా ఆ యూఈఐలో ఓ, ఐ అనే అక్షరాలు వాడరు, సున్నాతో మొదలుపెట్టరు. ఇదంతా కోడ్‌లో చక్కగా ఉంది. దాని కింద మాత్రం 9 అంకెలు వచ్చినా ఒప్పుకోమనే షరతొకటి, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: "దీన్ని కదపకండి, పాత ఫైళ్లు ఆగిపోతాయి". మా బృందంలో తెలుగు చదవగలిగేది నేను ఒక్కదాన్నే. ఇన్నేళ్లుగా మిగతావాళ్లు దాన్ని ఏదో పొరపాటున పడిన అక్షరాల వరుస అనుకుని వదిలేశారు.

అది రాసిన ఆయన మా సంస్థలోనే పనిచేసి వెళ్లిపోయారని తెలిసి, తెలిసినవాళ్ల ద్వారా నంబరు సంపాదించి ఫోన్ చేశాను. "నమస్కారమండీ, మీరు రాసిన ఒక కామెంటు గురించి అడగాలి" అనగానే ఆయన గుర్తుపట్టేశారు. "డన్స్ దగ్గర కదా అమ్మా? 2022కు ముందు ఇచ్చిన గ్రాంట్లకు ఎవరైనా సవరణ పెడితే పాత నంబరుతోనే వస్తుంది. ఆ షరతు తీసేస్తే అవన్నీ వెనక్కి కొట్టేస్తుంది. విడుదల రోజు రాత్రి హడావిడిలో నాకోసం రాసుకున్నాను, తర్వాత మార్చే తీరిక దొరకలేదు" అన్నారు. ఆయన చెప్పింది డాక్యుమెంటులో ఒక పేజీ అయింది. అలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి. బడ్జెట్ పట్టికలో ఒక డాలరు తేడాను ఎందుకు క్షమించాలి, శుక్రవారం రాత్రి ఎందుకు ఒక పని నడవకూడదు, ఇవేవీ కోడ్ చదివితే తెలిసేవి కావు. కోడ్ ఇచ్చేస్తే మాకు పనుండదన్న మేనేజరుగారి భయానికి నాకు సమాధానం అక్కడే దొరికింది. కోడ్‌తో పాటు ఈ కారణాలన్నీ తెలిసిన మనుషుల అవసరం పోదు.

ఆగస్టు చివరి వారంలో, గడువు ముగియడానికి కాస్త ముందు, పాత సంస్థ నుంచి జవాబు వచ్చింది. చాలా ఫైళ్ల మీద ముద్రను వారు వెనక్కి తీసుకున్నారు. తేదీలను లెక్కగట్టే ఒక చిన్న లైబ్రరీని మాత్రం ప్రభుత్వ సొమ్ముతో కాక తమ సొంత ఖర్చుతో అంతకుముందే తయారుచేసుకున్నామని ఆధారాలు చూపించారు. ఆ వాదన సమంజసమైనదేనని న్యాయ విభాగం తేల్చింది. దాంతో ఆ లైబ్రరీని పక్కనపెట్టి అదే పని చేసే కోడ్‌ను మేము మళ్లీ రాశాం. పాత ఫైలును చూడనివాళ్లే కొత్తది రాయాలని షరతు పెట్టారు కనుక ఆ పని బృందంలో కొత్తగా చేరిన కుర్రవాడికి దక్కింది. అతను రెండు వారాల్లో పూర్తిచేశాడు. ఆ గంటల ఖర్చు ఏ పద్దు కింద రాయాలో తేలడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. కోడ్ పంచుకోవడమన్న పనికి మా కాంట్రాక్టులో విడిగా పద్దు లేదు; చివరికి కాంట్రాక్టుకు చిన్న సవరణ చేసి, నిర్వహణ పద్దులోంచి కొన్ని గంటలు అటు మళ్లించారు. ఆ గంటలకు సరిపడా మా రోజువారీ మరమ్మతులు వెనకబడ్డాయి. ఈ లెక్కను ముందే ఒప్పించుకోవడం చాలా అవసరం.

సెప్టెంబరులో, కోడ్‌లో పాస్‌వర్డుల్లాంటివి మిగిలిపోయాయేమోనని రహస్యాల వేట జరిగింది. గిట్‌లీక్స్ అనే సాధనంతో రిపాజిటరీ పుట్టినప్పటినుంచి ఉన్న ప్రతి కమిట్‌ను, అంటే నమోదైన ప్రతి మార్పును, వెతికించారు. ఇప్పటి కోడ్ శుభ్రంగానే ఉంది. చరిత్రలో మాత్రం, ఎప్పుడో మూసేసిన టెస్ట్ డేటాబేస్ పాస్‌వర్డు, లోపలి సర్వర్ల పేర్లు, పరీక్ష కోసమని పెట్టిన ఒక ఫైల్లో నిజమైన దరఖాస్తుదారుల ఫోన్ నంబర్లు బయటపడ్డాయి. చివరిదాన్ని చూసి భద్రతా విభాగం ఒక్క మాట కూడా వినలేదు: పాత చరిత్రనంతా వదిలేసి, ఇప్పటి కోడ్‌ను ఒకే కమిట్‌గా కొత్త రిపాజిటరీలో పెట్టాలన్నారు. సాంకేతికంగా అది సరైన నిర్ణయమే, నేనూ ఒప్పుకున్నాను. కానీ ఏళ్ల తరబడి ఏ పంక్తి ఎవరు ఎందుకు మార్చారో చెప్పే చరిత్ర ఒక్క క్షణంలో మాయమై, అందరి పని మీదా ఒకే తేదీ, ఒకే ఖాతా పేరు కనిపించినప్పుడు మనసు చివుక్కుమంది. పనిచేసినవాళ్లను అడిగి, ఇష్టపడినవారి పేర్లతో ఒక ఫైలు పెడదామని నేను కోరాను. సీఓఆర్ వెంటనే సరేనన్నారు. ఫోన్‌లో మాట్లాడిన ఆయన పేరు కూడా అందులో ఉంది. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేకపోయారు.

సెప్టెంబరు 30న రిపాజిటరీ సిద్ధమైంది. అక్టోబరు 1న ప్రభుత్వం మూతపడింది.

బడ్జెట్‌కు ఆమోదం దొరకక నవంబరు 12 దాకా సాగిన ఆ షట్‌డౌన్‌లో మా కాంట్రాక్టుకు పని ఆపమని ఉత్తర్వు వచ్చింది. షట్‌డౌన్ ముగిశాక ఆగిన జీతం చెల్లించాలని ఫెడరల్ ఉద్యోగులకు 2019లో వచ్చిన చట్టం ఉంది. కాంట్రాక్టు సంస్థల్లో పనిచేసేవాళ్లకు అలాంటి హామీ ఏదీ లేదు. మా సంస్థ మిగిలిన సెలవులు వాడుకోమంది. సంక్రాంతికి ఇండియా వెళ్లడానికి దాచుకున్నవి మొదటి వారాల్లోనే అయిపోయాయి, తర్వాతివి జీతం లేని రోజులు. పాపను డేకేర్ మాన్పిస్తే చోటు పోతుంది కనుక ఆ నెల రుసుము, దాదాపు రెండు వేల డాలర్లు, ఇంట్లోనే ఉంటూ కూడా కట్టాం. పని చేతికొచ్చే వేళకు ఆగిపోవడం, అదీ మా వల్ల కాని కారణంతో, చాలా బాధించింది. ఇలాంటి పని పెట్టుకునేవారు ఆర్థిక సంవత్సరం మారే అక్టోబరు 1కి అటూ ఇటూ ఏ ముఖ్యమైన అడుగూ పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

తిరిగి వెళ్లాక వెంటనే పని మొదలవలేదు. వాడకం లేని ఖాతాలను వ్యవస్థ తనంతట తానే నిలిపేసింది, బిల్డ్ సర్వర్ సర్టిఫికెట్ గడువు దాటిపోయింది, సహాయ కేంద్రంలో అందరిదీ ఒకే గోడు. నేను లాగిన్ కాగలిగేసరికి థాంక్స్‌గివింగ్ వచ్చేసింది.

డిసెంబరు మొదట్లో తీసుకునే ఏజెన్సీకి ప్రవేశం ఇచ్చే రోజు ఎవరూ ఊహించని అడ్డంకి ఎదురైంది. చట్టం చెప్పేది ఫెడరల్ ఉద్యోగులకు అందుబాటు గురించి. అటువైపు కోడ్ చదివి వాడుకోవలసిన డెవలపర్లందరూ మాలాగే కాంట్రాక్టు మనుషులు. వాళ్లను మా రిపాజిటరీలోకి రానివ్వడానికి మా విధానం ఒప్పుకోదు. చివరికి అటువైపున్న ఒక మహిళా ఫెడరల్ ఉద్యోగి తన ఖాతాతో కోడ్ దింపుకుని, తమ లోపలి రిపాజిటరీలో పెట్టి, అక్కడినుంచి తమ కాంట్రాక్టర్లకు ఇచ్చారు. ఆమె కోడ్ రాసే మనిషి కాదు, గ్రాంట్ల విభాగంలో ప్రోగ్రామ్ అధికారి. స్క్రీన్ పంచుకుని, ఒక్కొక్క ఆదేశాన్నీ నేను చదువుతుంటే టైపు చేసి, చివర్లో ఫైళ్లన్నీ దిగుతున్నప్పుడు చప్పట్లు కొట్టారు. మీరు ఇచ్చే వైపున్నా తీసుకునే వైపున్నా, అటువైపు దించుకునే ఫెడరల్ ఉద్యోగి ఎవరో పేరుతో సహా ముందే తేల్చుకోండి.

తర్వాతి వారం అటువైపు డెవలపర్లు కోడ్ బిల్డ్ కావడం లేదంటూ, అంటే నడిచే ప్రోగ్రాముగా మారడం లేదంటూ, మెయిల్ పెట్టారు. కారణం చూడగానే తెలిసింది, మూడు పంక్తుల్లో జవాబు రాయగలను. రాయడానికి వీల్లేదని సీఓఆర్ చెప్పారు. కోడ్ ఇవ్వడం ఉచితమే, దాని గురించి నేను వెచ్చించే గంట మాత్రం మా ఏజెన్సీ కొన్న గంట. దాన్ని మరో ఏజెన్సీ పనికి వాడాలంటే రెండు ఏజెన్సీల మధ్య ఒప్పందం ఉండాలి. ఒక ఏజెన్సీ మరో ఏజెన్సీ సేవను డబ్బిచ్చి తీసుకోనిచ్చే ఎకానమీ చట్టం కింద 7600ఏ, 7600బీ అనే ఫారాలు నింపి, ట్రెజరీ వారి జీ-ఇన్వాయిసింగ్ అనే వ్యవస్థలో నడపాలి. అవతల మా తోటివాళ్లు చిన్న విషయం దగ్గర ఇరుక్కుని ఉంటే జవాబు తెలిసీ ఊరుకోవలసిన ఆ రోజులు నాకు చాలా కష్టంగా గడిచాయి. నిబంధన ఎందుకుందో నాకు తెలుసు, తప్పుపట్టను. కానీ చట్టం కోరుకునే ప్రయోజనం కలగాలంటే, కోడ్‌తో పాటు మొదటి కొన్ని వారాల సహాయానికి సరిపడా చిన్న మొత్తాన్ని ముందే ఒప్పందంలో పెట్టాలి. మాకు దొరికిన దారి ఒక్కటే: డాక్యుమెంటు మా పనే కనుక, వారి ప్రశ్నకు జవాబును డాక్యుమెంటులో సవరణగా చేర్చి కొత్త ప్రతిని రిపాజిటరీలో పెట్టాం. సీఓఆర్ దానికి ఒప్పుకున్నారు. సెలవులు అయ్యాక వారి బిల్డ్ నడిచింది.

జనవరి రెండో వారంలో అటువైపు నుంచి ఒక ప్యాచ్, అంటే కోడ్‌లో ఒక మార్పు, వచ్చింది. పరోక్ష ఖర్చుల పరిమితిని మేము దరఖాస్తు వచ్చిన తేదీని బట్టి ఎంచుకుంటున్నాం. 2024 అక్టోబరుకు ముందు ఇచ్చిన గ్రాంటుకు ఆ తర్వాత సవరణ వస్తే ఏ శాతం వర్తిస్తుందో గ్రాంటు షరతులను బట్టి నిర్ణయించేలా వారు దాన్ని విస్తరించారు. మేము చేయాలనుకుంటూ చేయలేకపోయిన పని అది, అదీ మాకంటే బాగా చేశారు. మొదటిసారి చదివినప్పుడు కలిగిన ఆనందాన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ పని మా ఏజెన్సీకి డబ్బు ఖర్చు లేకుండా జరిగింది.

అయితే ఆ ప్యాచ్ రాసింది వారి కాంట్రాక్టరు. దాని మీద ప్రభుత్వానికి ఏ హక్కులున్నాయో చెప్పే క్లాజు ప్రతిని పంపమని మా కాంట్రాక్టింగ్ ఆఫీసర్ వారి ఆఫీసుకు ఉత్తరం రాశారు. జవాబు వచ్చేదాకా ఆ మార్పు మా టెస్ట్ సర్వర్ మీదే ఉంటుంది. ఈలోగా దాని మీద పరీక్షలు నడపడానికి నాకు అనుమతి దొరికింది, ఇప్పటిదాకా అన్నీ నెగ్గాయి. మా కాంట్రాక్టు తదుపరి ఏడాదికి పొడిగింపు పత్రంలో కోడ్ పంచుకోవడానికి విడిగా ఒక పద్దు పెట్టాలని సీఓఆర్ ప్రతిపాదించారు. దానికి ఎన్ని గంటలు కావాలో అంచనా వేసి ఇవ్వమని మా బృందాన్ని అడిగారు. ఈ వారం నేను చేస్తున్నది ఆ అంచనానే.